కెమెరా తిప్పేస్తే వార్త దాచినట్టా?

క్రికెట్ మ్యాచ్ మంచి ఊపులో ఉండగా ఒకడు కంచె దూకి గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొస్తాడు చూడండి. స్టేడియం అంతా ఈలలు. ఇంట్లో టీవీ ముందున్న మనకి మాత్రం చాలాసార్లు స్కోర్‌బోర్డో ఆకాశమో కనిపిస్తుంది. బ్రాడ్‌కాస్టర్లు కావాలనే కెమెరా తిప్పేస్తారు. వాడు దూకిందే టీవీలో పడటానికి. చూపిస్తే రేపు ఇంకో నలుగురు దూకుతారు.

గ్రౌండ్ విషయంలో ఇది అందరూ ఒప్పుకుంటారు. అదే ఉగ్రదాడి దగ్గరికొచ్చేసరికి, చేసినవాణ్ని చూపించకండి అంటే చాలు, "అయితే వార్త దాచేయమంటావా?" అని మీద పడతారు. ఈ ప్రశ్న విని విని విసుగొచ్చింది నాకు. దాచమని ఎవరన్నారండీ? మ్యాచ్ ఎందుకు ఆగిందో కామెంటేటర్ చెబుతూనే ఉంటాడు కదా! దూకినవాడి మొహం క్లోజప్‌లో వేయరు, అంతే.

[స్క్రీన్ మీద: ముంబై, 2008 నవంబర్]

26/11 కథ మీకు తెలుసు కాబట్టి నేరుగా ఫోన్ల దగ్గరికి వస్తాను. హోటళ్లలో చొరబడ్డవాళ్లతో పాకిస్తాన్‌లోని హ్యాండ్లర్లు, అంటే వెనకుండి నడిపించేవాళ్లు, గంటల తరబడి మాట్లాడారు. ఆ మాటలు మన ఏజెన్సీలు రికార్డు చేశాయి. తాజ్‌లో ఉన్నవాళ్లని అవతలివాడు పోరు పెడుతూనే ఉంటాడు, నిప్పు పెట్టారా, ఇంకా పెట్టలేదా అని. మంటలు బయటికి కనబడితేగానీ జనానికి భయం పుట్టదని వాడి లెక్క. అంటే ఆ నిప్పు పెట్టించింది మన డ్రాయింగ్ రూముల కోసం. చేతిలో తుపాకులున్నా, వాళ్లకి టీవీ కూడా కావాలి!

నవంబర్ 28 ఉదయం, ఉగ్రవాదులు చొరబడ్డ యూదుల కేంద్రం నారిమన్ హౌస్ డాబా మీదకి ఎన్‌ఎస్‌జీ కమాండోలు హెలికాప్టర్ నుంచి తాళ్లతో దిగారు. దేశమంతా లైవ్‌లో చూసింది. అదే టీవీ హ్యాండ్లర్ల ముందు కూడా ఉంది. ప్రాణాలతో పట్టుబడ్డవాడి కేసులో 2012 ఆగస్టులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు ఛానెళ్లకి గట్టిగానే మొట్టికాయలు వేసింది. ఆ లైవ్ దేశానికి ఏ మేలూ చేయలేదని, సొంత వ్యాపారం కోసం భద్రతను పణంగా పెట్టారని తేల్చింది. 2015లో కేబుల్ టీవీ రూల్స్ మార్చి, ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ల లైవ్ ఆపేశారు. ఆపరేషన్ ముగిసేదాకా ప్రభుత్వం నియమించిన అధికారి అప్పుడప్పుడు చెప్పే వివరాలే వేయాలి. కెమెరా తిప్పడానికి మనకి ఆరేళ్ల పైనే పట్టిందన్నమాట.

ఇది భయం కోసం చేసే హింస. పేరు కోసం చేసేది ఇంకో రకం. 2007 ఏప్రిల్‌లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో ఒక విద్యార్థి 32 మందిని చంపాడు. ముందు ఇద్దరిని కాల్చి, మిగతావాళ్లని చంపడానికి వెళ్లేముందు, మధ్యలో పోస్టాఫీసుకి వెళ్లాడు! తన ఫొటోలు, వీడియోలు ఎన్‌బీసీ ఛానెల్‌కి పంపడానికి. ఎన్‌బీసీ వాటిలో కొన్ని ప్రసారం కూడా చేసింది. కంచె దూకినవాడికి మైక్ కూడా ఇచ్చినట్టే.

మరి దూకేవాడు కెమెరా కూడా తనే తెచ్చుకుంటే? 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో జరిగింది అదే. మసీదుల్లో 51 మందిని చంపినవాడు ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టుకున్నాడు. ఫేస్‌బుక్ లెక్క ప్రకారం ఆ లైవ్‌ని అప్పటికప్పుడు చూసినవాళ్లు 200 మంది కూడా లేరు. కానీ మొదటి 24 గంటల్లో తీసేసిన కాపీలు 15 లక్షలు. అవన్నీ అప్‌లోడ్ చేసింది ఎవరు? స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు. "అయ్యో ఘోరం" అని రాసి ఫార్వర్డ్ చేసినా వాడికి కావలసింది అందినట్టే. అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ వాడి పేరు తన నోట రాదని పార్లమెంటులోనే చెప్పారు, చనిపోయినవాళ్ల పేర్లు చెప్పుకోమన్నారు. న్యూజిలాండ్‌లో ఆ వీడియో దగ్గర పెట్టుకోవడం కూడా నేరం.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఎక్కడ జరిగింది, ఎంతమంది పోయారు, ఏ రోడ్లు మూశారు, పోలీసులు ఎక్కడ తప్పు చేశారు, ఇవన్నీ వార్తే, వేయాల్సిందే. నా గొడవ మిగతాదానితో. 2015 రూలు ఆపరేషన్ నడిచినంతసేపే. మర్నాటి నుంచి దాడి చేసినవాడి ఫొటో, వాడి ఊరు, వాడి స్కూలు, గ్రాఫిక్స్‌లో వాడి నడక, వెనక సస్పెన్స్ మ్యూజిక్... ఆ మ్యూజిక్ ఎవరు పెట్టమన్నారో నాకైతే అర్థం కాదు. వర్జీనియా టెక్ హంతకుడు పంపిన ఆ ఫొటోలు, వీడియోలు ఎన్‌బీసీ చూపించాల్సిందా వద్దా అన్నది వచ్చే వీడియోలో చూద్దాం.