బుడమేరు వరద పోస్టులను కలంతో రాయిద్దాం

నమస్కారం. సామాజిక మాధ్యమాల్లో జనం పెట్టే పోస్టులను కలం పట్టిన యంత్రం చేత కాగితంపై చేతిరాతగా రాయించే కళ ఒకటి ఉంది. మన విజయవాడలో ఆ కళ ఏ పోస్టులతో మొదలు కావాలో ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను.

యంత్రం రాయడం కొత్త సంగతి కాదు. గడియారాల తయారీలో పేరుపొందిన పియేర్ జాకే ద్రో స్విట్జర్లాండ్‌లో 1774 నాటికే, సుమారు 6,000 భాగాలతో, ఈక కలాన్ని సిరాలో ముంచి 40 అక్షరాల దాకా మనం కోరిన మాటలు రాసే బాలుడి బొమ్మను తయారుచేశారు. అది నేటికీ అక్కడి న్యూషటెల్ నగర మ్యూజియంలో ఉంది. ఇప్పుడు ఆ పని చేసేది, కంప్యూటర్ చెప్పినట్టు కలంతో గీసే పెన్ ప్లాటర్ అనే యంత్రం. అందులో రెండు మోటార్లు కలాన్ని అడ్డంగా, నిలువుగా నడిపిస్తే, మరో చిన్న మోటారు దాన్ని ఎత్తి దించుతుంది.

చిక్కంతా మన లిపి దగ్గరే వస్తుంది. కంప్యూటర్‌లో మనం వాడే ఫాంట్లలో అక్షరమంటే దాని అంచుల గీత మాత్రమే కాబట్టి, దాన్ని ఉన్నదున్నట్టుగా ప్లాటర్‌కు ఇస్తే లోపల బోలుగా ఉన్న అక్షరం వస్తుంది. చేతిరాతకు కావలసింది కలం నడిచే దారి, అంటే ఒంటిగీత. రోమన్ లిపికి అలాంటి ఒంటిగీత అక్షరాలను అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో ఆలెన్ హెర్షీ 1967లోనే సిద్ధం చేశారు. తెలుగుకు ఆ పని మరింత ఓపికగా జరగాలి. తలకట్టు ముందు పెట్టాలా, చివర పెట్టాలా, 'స్త్రీ' రాసేటప్పుడు గుడిదీర్ఘం తరువాత ఏ వత్తు రావాలి, కలం ఎక్కడ లేవాలి అన్నవన్నీ యంత్రానికి పలక మీద దిద్దించినట్టే నేర్పాలి. పిల్లల చేత ఓనమాలు దిద్దించిన ఉపాధ్యాయులనూ, ఫ్లెక్సీలు రాకముందు విజయవాడ, గుంటూరు దుకాణాలకు బోర్డులు రాసిన చిత్రకారులనూ టాబ్లెట్ ముందు కూర్చోబెట్టి, వారి చేతి కదలికనే నమోదు చేయాలని నా కోరిక. ఒక్కో అక్షరానికి నాలుగైదు రూపాలు తీసుకోవాలి. లేకపోతే ప్రతి 'క' ఒకే అచ్చులో పోసినట్టు ఉండి, చేతిరాత అన్న భావనే కలగదు.

ఇంత శ్రమ పడి రాయించవలసిన పోస్టులు మన దగ్గర ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీట మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహిస్తున్నప్పుడు, మేడలపై చిక్కుకున్నవారు తాగునీళ్ల కోసం, పసిపిల్లల పాల కోసం, పడవ కోసం ఫోన్‌లో ఛార్జింగ్ ఉన్నంతసేపూ రాస్తూనే ఉన్నారు. ఆ మాటలు ఇప్పుడు వేల పోస్టుల అడుగున పడి ఉన్నాయి. అమరావతి స్తూపం రాళ్లపై వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు చెక్కించుకున్న ఒకటి రెండు పంక్తుల దానశాసనాల వల్లనే ఆ సామాన్యులు ఉన్నారని మనకు తెలిసింది. వరదలో రాసినవారి పంక్తులు వాటికి ఏమాత్రం తీసిపోవు. ప్లాటర్ రాస్తుండగా చూసేవారు కలం వేగంతోనే చదవాలి, వేలితో పైకి తోసి ముందుకు వెళ్లిపోవడం కుదరదు. నేను ఈ కళను కోరుకోవడానికి అసలు కారణం అదే.

అయితే ఆ పోస్టుల్లో ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి, ఎవరో రోగంతో ఉన్నారన్న సంగతులూ ఉన్నాయి. వాటిని తీసివేయాలి. తన పోస్టును ఎవరైనా తొలగించి ఉంటే దాని జోలికి పోకూడదు. మిగిలినవాటిని కూడా రాసిన వారిని అడిగి, కాగితం మొదట వారి చేతికే ఇచ్చి, వారు సరేనన్న తరువాతే ప్రదర్శనలో గోడకు తగిలించాలి.