అప్పు కన్నా ముందు అమ్మకం
(ఇంటి దగ్గరే పచ్చళ్లు, పొడుల వ్యాపారం మొదలుపెట్టాలనుకునే పొదుపు సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం.

ఇలాంటి సమావేశాల్లో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: "లోను ఎంత వస్తుంది?" దాని సంగతి చివర్లో చెబుతాను. లోను నాలుగో మెట్టు. మీ చేతి సరుకును చుట్టం కాని మనిషి డబ్బులిచ్చి కొనడం మొదటి మెట్టు. అదే మనిషి మళ్లీ వచ్చి అడగడం రెండోది. ఆ అమ్మకంలో మీకు మిగిలిందెంతో కాగితం మీద తేలడం మూడోది. ఈ మూడు మెట్లూ ఎక్కడానికి ఏ ఆఫీసరూ రానక్కర్లేదు. చొరవ చూపాల్సింది ఇక్కడే. జనం దాటేసి పోయేది కూడా ఇక్కడే.

1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు వత్తారు. అదే ఇప్పటి లిజ్జత్ పాపడ్ సంస్థ. వాళ్లు ముందు షెడ్డు కట్టలేదు, మిషను కొనలేదు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. సారా మీద తిరగబడిన నెల్లూరు జిల్లా ఆడవాళ్లే ఆ తర్వాత రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఈరోజు మీరు కూర్చున్న సంఘాలకు ఆ రూపాయితో చుట్టరికం ఉంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఆవకాయే తీసుకుందాం. ఇక్కడ వేసే ధరలు ఉదాహరణకే, ఇంటికెళ్లాక మీ ఊరి ధరలు వేసుకోండి. పది కిలోల కాయలు తెచ్చి, జీడి, పొర, పాడైన ముక్కలు తీసేస్తే ఎనిమిది కిలోల ముక్కలు మిగిలాయనుకోండి. వాటికి కారం రెండు కిలోలు, ఆవపిండి రెండు, ఉప్పు రెండు, నువ్వుల నూనె నాలుగు కిలోలు. గిన్నెలకు, గరిటెలకు అంటుకుపోయింది తీసేస్తే చేతికి పదిహేడు కిలోల పచ్చడి వస్తుంది.

కాయలు 500, కారం 700, ఆవపిండి 300, ఉప్పు 50, నూనె 1,200, మెంతులు వెల్లుల్లి 150. మొత్తం 2,900 రూపాయలు. కిలోకు 170 పడింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "170 పడింది, 250కి అమ్ముతున్నా, 80 మిగిలింది" అంటారు.

మిగల్లేదమ్మా. అరకిలో సీసాలు 34, మూతా లేబులుతో కలిపి ఒక్కోటి 20 చొప్పున 680. కరెంటు, ఆటో 100. కాయలు కడిగి, తుడిచి, కొట్టి, కలిపి, సీసాల్లో నింపడానికి ఇద్దరు మనుషులు ఒక రోజు, 500 చొప్పున వెయ్యి. ఆ ఇద్దరూ మీరూ మీ అత్తగారే అయినా సరే, కూలి రాయాల్సిందే. అన్నీ కలిపితే 4,680. కిలోకు 275. అంటే 250కి అమ్మిన ప్రతి కిలో మీద పాతిక రూపాయలు మీ ఇంటి కూలిలోంచి కొన్నవాళ్లకు ఇచ్చేశారన్నమాట. ఊళ్లో ఏ పచ్చళ్ల వ్యాపారమైనా రెండేళ్లకు నీరుగారిపోతే, రుచిని అనుమానించే ముందు ఈ లెక్క అడగండి.

షాపులో పెట్టాలంటే షాపువాడి వాటా ఉంటుంది. కిలో 450కి అమ్మి అతను నూటికి ఇరవై తీసుకుంటే మీకు 360 వస్తుంది. ఖర్చు పోను 85. ఆ 85 లోంచే పగిలిన సీసాలు, తిరిగొచ్చిన సరుకు, అరువు ఆలస్యం భరించాలి. అరువు గడువు, తిరిగొచ్చే సరుకు ఎవరి నెత్తిన పడుతుందన్నది మొదటి రోజే మాట్లాడుకోండి. మొహమాటపడితే సరుకు అమ్ముడుపోయినా డబ్బు రాదు.

ఇంకో మాట. ఆవకాయకు పెట్టుబడి అంతా వేసవిలోనే పెట్టాలి, అమ్మకం ఏడాది పొడవునా సాగుతుంది. డబ్బు జాడీలో ఇరుక్కుపోతుంది. అందుకే కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారంతో మొదలుపెట్టమంటాను. రెండు కిలోలు చేయొచ్చు, అమ్మొచ్చు, మళ్లీ చేయొచ్చు. తప్పు తేలినా నష్టం వందల్లోనే ఉంటుంది. ముప్పై మందికి వంద గ్రాముల పొట్లాలు డబ్బు తీసుకునే ఇవ్వండి. ఊరికే ఇచ్చినదాన్ని ఎవరైనా బాగుందనే అంటారు. నెలలో పది మందైనా మళ్లీ అడగకపోతే సరుకు మార్చండి.

పాడవడం గురించి. బూజు పట్టిందంటే ఎక్కడో తడి చేరింది: కాయ సరిగ్గా తుడవలేదు, లేదా సీసా ఆరలేదు. మూడో రోజు తిరగకలిపినప్పుడు ముక్క మీద నూనె తేలాలి. తేలకపోతే కాచి చల్లార్చిన నూనె పోయాలి. ముక్క మెత్తబడితే కాయ ముదిరి పండుబారింది, లేదా టెంక కట్టని లేతకాయ. పార్సిల్‌లో నూనె కారి లేబులు చెరిగిపోవడం మరో తలనొప్పి. మూత ఎంత బిగించినా కారుతుంది, మూత కింద రేకు సీలు వేయించాలి. ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా పక్కన పెట్టండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే, తప్పు మీ దగ్గరా వాళ్ల తడి గరిటెలోనా అన్నది ఆ సీసా చెబుతుంది.

కాగితాలు రెండు. ఎంత చిన్న ఎత్తున అమ్మినా, ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి మొదటి పొట్లం కంటే ముందు అది చేయించండి. ఆ 14 అంకెల నంబరు లేబులు మీద ఉండాలి. దాంతోపాటు దినుసులు, నికర బరువు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, ఎన్నాళ్లలోపు వాడాలో, ధర, మీ చిరునామా, ఫోను, శాకాహారపు పచ్చ గుర్తు. రెండోది ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారంగా కేంద్ర ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకోవడం. ప్రభుత్వ పోర్టల్‌లో ఇది పూర్తిగా ఉచితం, దళారీకి వెయ్యి రూపాయలు ఇవ్వకండి.

ఇప్పుడు లోను. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో యూనిట్ ఖర్చుకు నూటికి 35 వంతులు, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ. మీ వాటా కనీసం పదో వంతు. ఐదు లక్షల యూనిట్ అయితే మీది 50 వేలు, బ్యాంకుది నాలుగున్నర లక్షలు, సబ్సిడీ లక్షా 75 వేలు. అయితే ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. మీ లోనుకు ముడిపెట్టిన ఖాతాలో మూడేళ్లు ఉంటుంది. అప్పటికి కంతులు సరిగా కట్టి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమవుతుంది. సబ్సిడీ డబ్బుతో కారం కొందామనుకున్నవాళ్లు మొదటి సీజన్‌లోనే ఇబ్బంది పడతారు. సరుకు కొనడానికి, చిన్న పనిముట్లకు సంఘంలో సభ్యురాలికి 40 వేల వరకు మూలధనం ఇచ్చే ఏర్పాటు ఆ పథకంలోనే విడిగా ఉంది. ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీ జిల్లాలో ముందు కనుక్కుని అప్పుడు కాగితాలు సిద్ధం చేసుకోండి. బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళ్లేటప్పుడు మూడు నెలల అమ్మకాల పుస్తకం చేతిలో ఉంటే మాట తీరే వేరుగా ఉంటుంది.

బల్ల మీద ఖాళీ లెక్కల కాగితాలున్నాయి. భోజనాలకు లేచే ముందు, మీరు చేయగల ఒక్క సరుకుకు ఖర్చు వేసి చూడండి. కూలి గడి మాత్రం ఖాళీగా వదలకండి.