గడ్డి బండి కదలకపోతే: గేర్‌బాక్స్ విప్పకముందు చూడాల్సినవి

నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన గ్రౌండ్ సిబ్బందికి, తోట పనివాళ్లకు, మెకానిక్ తమ్ముళ్లకు నమస్కారం. ఈ పూట మాట్లాడేది కూర్చొని నడిపే గడ్డి కోత బండి, అంటే రైడింగ్ మోవర్ గురించి. అందులో ఒక్క రోగమే తీసుకుందాం. ఇంజన్ మంచిగనే నడుస్తది, పెడల్ తొక్కితే బండి పోదు. చాలామంది వెంటనే "గేర్‌బాక్స్ పోయింది" అంటరు. అది ఖరీదైన మాట, చివరికి అనాల్సిన మాట.

ముందుగా బండి వెనక ఉండే బైపాస్ లివర్ చూడుండ్రి. ఇంజన్ ఆపి బండిని నెట్టుకపోవడానికి దాన్ని లాగుతరు, మళ్లీ లోపలికి నెట్టడం మరిచిపోతరు. అది సగం బయట ఉన్నా బండి గుంజదు.

లివర్ సరిగ్గనే ఉంటే, బలం ఎక్కడ ఆగిపోతున్నదో కనిపెట్టాలె. ఇంజన్ బలం బెల్టు మీదుగ గేర్‌బాక్స్ పుల్లీకి, అక్కడినుంచి చక్రాలకు పోతది. సమానమైన నేల మీద, ముందు ఎవరూ లేకుండా, బ్లేడ్లు ఆపి ఒకరు సీట్ల కూర్చోవాలె. ఇంకొకరు పక్కకు నాలుగైదు అడుగుల దూరంల నిలబడి, టార్చ్ వేసి గేర్‌బాక్స్ మీది పుల్లీని, దానిమీది ఫ్యాన్‌ను చూడాలె. మనిషి దిగితే ఇంజన్ ఆపే సీటు స్విచ్చికి వైరు కలిపి ఒంటరిగ ఈ పని చేయొద్దు. హైడ్రోస్టాటిక్ బండ్లల్ల, అంటే గేర్‌బాక్స్ లోపలి పంపు ఆయిల్ ఒత్తిడితో నడిచే బండ్లల్ల, ఇంజన్ నడిచినంతసేపు ఫ్యాన్ తిరుగుతది. పెడల్ తొక్కంగనే అది మందగించినా, ఆగినా బెల్టు జారుతున్నట్టు. ఫ్యాన్ అదే వేగంతో తిరిగి బండి కదలకపోతే బెల్టు మీద అనుమానం వదిలేయొచ్చు.

ఇక బెల్టు. చేయి పెట్టకముందు ఇంజన్ ఆపి తాళంచెవి తీయాలె, ప్లగ్ క్యాప్ పీకాలె. పాత బెల్టును పారేయకుండా చదవాలె, కారణం దానిమీదనే ఉంటది. పక్కలు అద్దంలెక్క మెరిస్తే చాలా రోజుల నుంచి జారుతున్నది. ఒక్కచోటనే కాలిన మచ్చ ఉంటే, ఏదో పుల్లీ బిగుసుకపోయి బెల్టు ఆగినా ఇంజన్ పుల్లీ దాన్ని రాకుతనే ఉన్నది. ఒక పక్క పోగులు లేస్తే పుల్లీల వరుస తప్పింది, లేదా బెల్టు గైడు రేకుకు తగులుతున్నది. నూనెతో నానితే ఇంజన్ కింది సీలు కారుతున్నది. సీలు మార్చకుండా కొత్త బెల్టు వేస్తే అదీ నానుతది.

బెల్టు బాగున్నా జారుతున్నదంటే బెల్టును బిగబట్టే టెన్షన్ పుల్లీ చేయిని కదిలించి చూడుండ్రి. మన చల్క నేలల దుబ్బ, ఎండిన గడ్డి ఆ చేయి పిన్ను చుట్టూ గట్టిపడి, స్ప్రింగు గుంజినా చేయి రాదు. పిన్ను విప్పి, తుడిచి, గ్రీజు పెడితే చాలాసార్లు పని అయిపోతది. పుల్లీని చేత్తో తిప్పితే గరగరలాడినా, ఊగినా బేరింగ్ మార్చాలె. గుగ్గిలం పొడి చల్లడం మాత్రం మానుండ్రి. పూటకు పట్టినట్టే ఉంటది, దుబ్బను గుంజి పుల్లీని అరగదీస్తది.

కొత్త బెల్టు కొనేటప్పుడు ఎక్కువ మంది దెబ్బతినేది నంబరు దగ్గరనే. మోటార్ల దుకాణంల దొరికే ఏ-80 బెల్టుకు 80 అంగుళాలు లోపలి కొలత. మోవర్ బెల్టుల మీద 4ఎల్820 అని ఉంటే 82 అంగుళాలు బయటి కొలత. రెండూ దాదాపు ఒకే పొడవు. ఇది తెలవక 82 నంబరు అడిగితే రెండు అంగుళాల పొడుగు బెల్టు వస్తది, స్ప్రింగు దాన్ని బిగించలేదు. కొలత కుదిరినా పిండిగిర్ని బెల్టు దీనికి ఎక్కువ రోజులు ఆగదు. ఇందుల బెల్టు వీపు కూడా చదును పుల్లీ మీద నడుస్తది కాబట్టి, అరామిడ్ అనే గట్టి పోగుల మోవర్ బెల్టే కావాలె.

ఎక్కించేముందు పాతది పోయిన దారిని ఫోన్‌ల ఫొటో తీసుకోవాలె. బెల్టు ప్రతి గైడు లోపలి నుంచే పోవాలె. ఒక్కటి తప్పినా గంటల బెల్టు కాలుతది. ఎక్కినంక బెల్టు పైఅంచు పుల్లీ అంచుతో సమానంగ ఉండాలె. అడుగుకు దిగి గాడి నేల మెరుస్తున్నదంటే పుల్లీ అరిగింది.

ఫ్యాన్ మంచిగ తిరిగినా బండి కదలలేదనుకుందాం. వెనక చక్రాల లాకు తీసి, చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే చదరపు కీ (ఇనుప ముక్క) చూడుండ్రి. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు బలం పంచే గేర్లు) ఉన్న బండిల ఒక్క చక్రం కీ తెగినా బలమంతా ఆ వదులు ఇరుసుకే పోయి, బండి నిలబడ్డచోటనే ఉంటది. పది నిమిషాల పని ఇది. దీన్ని చూడక గేర్‌బాక్స్ దించిన షెడ్లు తక్కువేం లేవు.

పొద్దున బాగ నడిచి, అరగంటైనంక ఎత్తు ఎక్కకపోవడం వేరే లెక్క. మే నెల ఎండల ఆయిల్ పలుచబడుతది, లోపల పంపు అరిగుంటే ఒత్తిడి నిలవదు. ముందు గేర్‌బాక్స్ రెక్కల మధ్య మట్టిని కుచ్చు బ్రష్‌తో తీయాలె, విరిగిన ఫ్యాన్ మార్చాలె. ప్రెషర్ వాషర్‌తో కడిగితే నీళ్లు లోపలికి పోతయి. తర్వాతే ఆయిల్. కొన్ని గేర్‌బాక్స్‌లకు 20డబ్ల్యూ-50, కొన్నిటికి 5డబ్ల్యూ-50 సింథటిక్. బండి పుస్తకంల ఏది ఉంటే అదే. ట్రాక్టరుకు పోసే 90 నంబరు గేర్ ఆయిల్ వీటికి పనికిరాదు.

ఆయిల్ మార్చినంక గాలి తీయాలె. ఖాళీ జాగల, బైపాస్ లివర్ లాగి, ఇంజన్ నెమ్మదిగ నడిపి, పెడల్‌ను ముందుకు, వెనక్కు మెల్లగ ఐదారుసార్లు తొక్కాలె. ఇంజన్ ఆపి లివర్ లోపలికి నెట్టి, ఇంజన్ నడిపి మళ్లీ ఐదారుసార్లు. ఈసారి బండి కదులుతది, కాబట్టి చుట్టూ మనుషులు ఉండొద్దు. కుయ్యిమనే చప్పుడు పోయి, రెండు దిక్కులా ఒకే వేగం వచ్చేదాక ఇట్ల చేసి, చల్లారినంక ఆయిల్ మట్టం మళ్లీ చూసి తక్కువైనంత నింపాలె.