షాపుల నీళ్లల్ల మునిగి ఉన్నంత మాత్రాన నీటి మొక్క కాదు: అక్వేరియం మొక్కలు, నత్తల రివ్యూ

నమస్తే అందరికీ. ఈ టేబుల్ మీద 11 రకాల మొక్కలున్నయి, పక్కన 4 డబ్బాలల్ల నత్తలున్నయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు అక్వేరియం షాపుల మామూలుగ దొరికే సరుకే ఇది. ఈ పదకొండింట్ల ఐదు అసలు నీటి మొక్కలే కావు. షాపుల మాత్రం అన్నీ ఒక్కటే తొట్టిల మునిగి ఉంటయి, కొనేటోళ్లకు తేడా ఎట్ల తెలుస్తది?

తర్వాత ఏమైతదంటే, ఇంటికి తెచ్చిన నెలకు ఆకులు మెత్తబడి చిల్లులు పడ్తయి. గప్పుడే ఆకు మీద నత్త కనిపిస్తది. ‘నత్తే తిన్నది’ అని దాన్ని తీసి పారేస్తరు. అది తినలేదని కాదు, తిన్నది. కానీ మొక్క అంతకు ముందే చచ్చింది. మంచిగున్న ఆకును ఈ నాలుగు డబ్బాలల్లున్న నత్తలు దాదాపు ముట్టవు. కుళ్లిన ఆకునే తింటయి. అందుకే మొక్కలు, నత్తలు రెండూ ఒక్క వీడియోల పెట్టినం.

ముందు వద్దన్న ఐదు చూపిస్త. లక్కీ బాంబూ, ఎర్ర ఆకుల డ్రసీనా, మాండో గ్రాస్, పర్పుల్ వాఫిల్, సింగోనియం. లక్కీ బాంబూ వెదురు కాదు, అది కూడ డ్రసీనానే. మాండో గ్రాస్ తోటల అంచుకు పెట్టే, గడ్డి లెక్క కనిపించే మొక్క. ఐదూ కుండీల మొక్కలే.

ఇవి మునిగితే ఎందుకు చస్తయి? గాలిల కంటే నీళ్లల్ల కార్బన్ డయాక్సైడ్ దాదాపు పదివేల రెట్లు మెల్లగ కదుల్తది. నేల మొక్క ఆకు మీద మైనం లాంటి పొర ఉంటది, మన ఎండలకు లోపలి తడి ఆరిపోకుండ. నీళ్లల్ల ముంచితే ఆ పొరే గాలికి అడ్డం పడ్తది. నీళ్లల్ల పెరిగిన ఆకు ఉల్లిపొర లెక్క పల్చగ ఉంటది, కావాల్సింది ఆకు మొత్తంతోని గుంజుకుంటది. మరి నేల మొక్క మొదటి మూడు నాలుగు వారాలు పచ్చగ ఎందుకుంటదంటే, లోపల దాచుకున్న తిండితోని. లక్కీ బాంబూ అయితే ఇంకా నెలలు లాగుతది. దాచుకున్నది అయిపోయినంక కాండం అడుగుకెళ్లి కుళ్లుడు మొదలైతది, అమ్మోనియా పెరుగుతది, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తయి.

షాపుల గుర్తుపట్టేది ఎట్ల? మొక్కను నీళ్లల్లకెళ్లి పూర్తిగ బయటికి తియ్యమనండి. ఇగో, వాలిస్నేరియా. తీయంగనే తడిసిన రిబ్బన్ లెక్క చేతి మీద పడిపోయింది. ఇప్పుడు సింగోనియం తీస్తున్న. నిటారుగ నిలబడ్డది, ఆకు మీద నీళ్లు చుక్కలు చుక్కలుగ జారిపోయినయి, తామరాకు మీది లెక్క. మునిగి పెరిగిన ఆకు మీద నీళ్లు అట్ల జారవు, అతుక్కుంటయి. రెండో గుర్తు, ఆకు మీద తెల్ల గీతలు, తెల్ల మచ్చలు మస్తుగ ఉంటే అనుమానపడండి.

ఈ పరీక్ష కొన్నిటికాడ తప్పుతది, అది కూడ చెప్పాలె. ఇది అనూబియాస్ నానా. ఆకు తోలు లెక్క గట్టిగుంది, బయటికి తీస్తే నిలబడ్తది. అయినా ఇది మునిగి ఏండ్ల తరబడి బతుకుతది. జావా ఫెర్న్ కూడ గట్టి ఆకే. అందుకే ఈ రెండు పేర్లు యాది పెట్టుకోండి. గాలిల పెంచి తెచ్చిన క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్ కూడ కొత్తల నిలబడొచ్చు. మిగిలిన వాటికి పరీక్ష పెట్టండి.

ఇగ మంచి ఆరు. మా లెక్కల మొదటి స్థానం వాలిస్నేరియాకే. ఇది మన దేశపు చెరువులల్ల కూడ సహజంగ పెరుగుతది, గట్టి నీళ్లంటే, అంటే కాల్షియం ఎక్కువున్న నీళ్లంటే, దానికి ఇష్టం. నాటేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. ఆకులు, వేర్లు కలిసే తెల్లటి మొదలు గులకరాళ్ల మీదికి కనపడాలె. దాన్ని పూడ్చితే కుళ్లుతది. ఇంకోటి, లిక్విడ్ కార్బన్ అని సీసాలల్ల అమ్ముతరు, దాంట్ల ఉండేది గ్లుటరాల్డిహైడ్. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ ఉన్న ట్యాంకుల అది పొయ్యకండి, ఆకులు కరిగిపోతయి.

రెండోది హార్న్‌వర్ట్. దీనికి వేర్లే ఉండవు, నాటే పని లేదు, తేలనియ్యండి. వేగంగ పెరుగుతది, అమ్మోనియాను మంచిగ గుంజుతది, కొత్త ట్యాంకుకు ఇంతకంటే మంచి తోడు లేదు. కాకుంటే సూదుల్లాంటి ఆకులు రాలుస్తది, ఫిల్టర్ స్పాంజి వారానికోసారి పిండాలె.

క్రిప్టోకొరైన్ వెండ్టీ కొన్నోళ్లల్ల చాలామంది వారానికే ‘చచ్చిపోయింది’ అని పీకి పారేస్తరు. పీకొద్దు. నర్సరీలల్ల దీన్ని చాలా వరకు బురదల, ఆకులు గాలికి పెట్టి పెంచుతరు. ముంచినంక గాలిల పెరిగిన పాత ఆకులు కరిగిపోతయి. వేరు గట్టిగుంటే 3, 4 వారాలకు నీటి ఆకులు కొత్తగ వస్తయి. కరిగిన ఆకులు మాత్రం మొదలుకాడ కత్తిరించి తీసెయ్యండి, ట్యాంకుల కుళ్లనియ్యొద్దు. అమెజాన్ స్వోర్డ్ కూడ ఇంతే, కానీ అది ఒకటిన్నర అడుగు దాకా ఎదుగుతది. 2 అడుగుల ట్యాంకుకు మేము వద్దనే చెప్తం.

అనూబియాస్, జావా ఫెర్న్‌కు అడ్డంగ పాకే లావు కాండం ఉంటది, అల్లం కొమ్ము లెక్క. దాన్ని రాళ్లల్ల పూడ్చొద్దు. రాయికో కట్టెకో నూలు దారంతోని కట్టండి, లేకుంటే ఫెవిక్విక్ చుక్క పెట్టి అతికించండి. అది ఆరినంక చేపలకు ఏం కాదు.

కట్టలుగ వచ్చే మొక్కలకు కింద సీసం పట్టీ చుట్టి ఉంటది. అది ఊడదీసి, నలిగిన కాండం ఒక అంగుళం కత్తిరించి, ఒక్కో కొమ్మ విడివిడిగ నాటండి. కట్ట కట్టే పెడితే మధ్యల వెలుతురు పోక అక్కడికెళ్లి కుళ్లుతది.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ట్యాంకుకు 2, 3 మిల్లీమీటర్ల గులకరాళ్లు 5 సెంటీమీటర్ల మందం వెయ్యాలంటే 14 కిలోల దాకా పడ్తయి. లైట్ రోజుకు 7 గంటలు, టైమర్ పెడితే మంచిది. అంతకంటే ఎక్కువైతే మొక్క కంటే పాచి ముందు పెరుగుతది.

నత్తల కంటే ముందు నీళ్ల ముచ్చట చెప్పాలె. నత్త గుల్ల కాల్షియం కార్బొనేట్‌తోని అయితది, ఆ కాల్షియం నీళ్లల్లకెళ్లి, తిండిలకెళ్లి రావాలె. నల్లగొండ దిక్కు చాలా ఇండ్లల్ల తాగేది 20 లీటర్ల ఆర్వో క్యాన్. ‘మనం తాగేవే మంచి నీళ్లు’ అని ట్యాంకుల కూడ అవే పోస్తరు. ఆర్వో నీళ్లల్ల కాల్షియం దాదాపు ఉండదు. రెండు మూడు నెలలకు గుల్ల మొన తెల్లబడి, గుంటలు పడ్తది.

అట్లని బోరు నీళ్లన్నీ గట్టి నీళ్లే అనుకోవద్దు. ఈ పాయింట్ పైలంగ వినండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లల్ల కాల్షియం తక్కువుండుడు మామూలు సంగతి, ఎందుకంటే కాల్షియం ఉన్నకాడ ఫ్లోరైడ్ దానితోని కలిసి అడుగుకు దిగుతది. అసుంటి నీళ్లకు టీడీఎస్ మీటర్, అంటే కరిగిన ఉప్పులన్నీ కలిపి లెక్క చూపేది, పెడితే 900 చూపించొచ్చు, కానీ అందుల ఎక్కువ భాగం సోడియమే అయ్యుండొచ్చు. టీడీఎస్ అంకె చూసి నత్తలు కొనకండి. చుక్కల కిట్‌తోని జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నయో చెప్పేది), కేహెచ్ (కార్బొనేట్లు ఎంతున్నయో చెప్పేది) చూడండి. 5 మిల్లీలీటర్ల నీళ్లల్ల ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలె, ఒక చుక్క అంటే ఒక డిగ్రీ, అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు దాదాపు 18 మిల్లీగ్రాములు. నత్తలకు జీహెచ్ 8 నుంచి 15, కేహెచ్ కనీసం 4, పీహెచ్ 7 పైన ఉండాలె.

మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటది. బకెట్‌ల పోసి ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచండి, లేకుంటే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినంత వెయ్యండి. జీహెచ్ తక్కువొస్తే షాబాద్ బండ ముక్క పనికొస్తది, అది సున్నపురాయే. నిమ్మరసం చుక్క వేస్తే బుస్సున నురగ రావాలె. పాలిష్ పెట్టని, సిమెంటు అంటని ముక్కలు గుప్పెడు కడిగి ఫిల్టర్‌ల పెట్టండి. పక్షుల షాపుల దొరికే సముద్రపు నురుగు ముక్క కూడ నడుస్తది. రెండూ మెల్లగనే కరుగుతయి, వారానికోసారి కిట్‌తోని చూసుకోండి.

ఇగ డబ్బాలు తెరుస్తున్న. ఇది నెరైట్. అద్దం మీద పాచి గీకుట్ల దీనికి సాటి లేదు, మొక్కను ముట్టదు, మంచి నీళ్లల్ల దీని పిల్లలు బతకవు కాబట్టి గుంపు పెరగదు. నువ్వు గింజల్లాంటి తెల్ల గుడ్లు కట్టె మీద, రాళ్ల మీద అంటిస్తది, అవి గోకినా సులువుగ రావు. అది ఒక్కటే ఇబ్బంది. 50 లీటర్లకు రెండు చాలు. షాపుల అద్దానికి గట్టిగ అతుక్కున్నదే తీసుకోండి, అడుగున వెల్లకిల పడి ఉన్నది వద్దు. ట్యాంకుల వదిలేటప్పుడు కాలు కిందికి వచ్చేటట్టు పెట్టండి, వెల్లకిల పడితే చాలాసార్లు అదంతట అది తిరగలేదు.

ఇది మిస్టరీ స్నెయిల్. పసుపు, తెలుపు, నీలం రంగులల్ల ఉంటది. గొట్టం పైకి చాపి గాలి పీలుస్తది, అందుకే నీళ్లకు మూతకు నడుమ 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంచాలె, మూత తప్పకుండ పెట్టాలె. దీంతోని పోలిక ఉన్న ఇంకో యాపిల్ నత్త మొక్కలన్నీ నమిలేస్తది. గుల్ల చుట్టల నడుమ చూడండి. మిస్టరీ గుల్ల చుట్ట భుజం చదునుగ ఉంటది. అక్కడ లోతు కాలువ లెక్క గుంట ఉన్నదాన్ని కొనకండి. పొలాలల్ల దొరికే పెద్ద నత్త గుల్లలు కూడ మొక్కల ట్యాంకుకు పనికిరావు.

రామ్స్‌హార్న్, ట్రంపెట్ ఈ రెండు డబ్బాలు. చెడ్డవి కావు. ట్రంపెట్ పగలు రాళ్లల్ల దాక్కొని అడుగును కదిలిస్తుంటది. ఒక్కటే ఉన్నా పిల్లలు పెడ్తది, మగది అక్కర్లేదు. వందలు అయినయంటే చేపలకు తిండి ఎక్కువేస్తున్నరని అర్థం. రెండు నిమిషాలల్ల చేపలు తినేంతే వెయ్యండి. ఉన్నవాటిని తగ్గించాలంటే ఉడికించిన సొరకాయ ముక్క రాత్రి పెట్టి, పొద్దుగాల నత్తలతోని కలిపి తీసెయ్యండి. నత్తల మందు పొయ్యకండి. చాలా వాటిల రాగి ఉంటది, మీరు కొన్న నెరైట్ కూడ పోతది. వందల నత్తలు ఒక్కసారి చస్తే నీళ్లు కూడ పాడైతయి.

చెరువులకెళ్లి, వరి మడిలకెళ్లి నత్తలు తెచ్చి వేయొద్దు. గొర్లకాపర్లకు జలగ వ్యాధి ముచ్చట తెలుసు. గొర్రె కార్జంల చేరే ఆ జలగ, చిన్నప్పుడు చెరువు నత్తల కడుపులనే పెరుగుతది.

కొత్త మొక్కలతోని నత్త గుడ్లు రావద్దనుకుంటే పటిక వాడండి. లీటరుకు ఒక టీస్పూన్ కరిగించి 3 గంటలు నానబెట్టండి, మంచి నీళ్లతోని రెండుసార్లు కడగండి. తర్వాత రెండు వారాలు వేరే బకెట్‌ల ఉంచి రోజు విడిచి రోజు నీళ్లు మార్చితే, నర్సరీల కొట్టిన పురుగుల మందు కూడ చాలా వరకు పోతది. నత్తలను ట్యాంకుల వేసేది మొక్కలు నాటిన 6 వారాల తర్వాత. అప్పటికి కరిగే ఆకులు కరిగిపోతయి, ఫిల్టర్‌ల మంచి బ్యాక్టీరియా కుదురుకుంటది, అద్దం మీద పాచి వస్తది. ముందే వేస్తే నెరైట్‌కు తిండే ఉండదు.

ఏప్రిల్, మేల బయట 42, 43 డిగ్రీలుంటే ట్యాంకు నీళ్లు 33 దాకా పోతయి. జావా ఫెర్న్ ముందుగ నల్లబడ్తది. మూత తీసి జాలి పెట్టి, చిన్న ఫ్యాన్ గాలి నీళ్ల మీద తగిలేటట్టు పెడితే 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతది. ఆవిరైన నీళ్ల బదులు మాత్రం ఆర్వో నీళ్లే పొయ్యండి. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పులు ట్యాంకులనే ఉంటయి. బోరు నీళ్లు పోస్తూ పోతే నెలకు జీహెచ్ 25 దాటొచ్చు. వేడికి నత్తలన్నీ పైఅంచుకు చేరితే ఆక్సిజన్ తగ్గిందని లెక్క, ఎయిర్ పంపు వెంటనే పెంచండి.

కత్తిరించిన మొక్కలు, ఎక్కువైన నత్తలు ఏం చెయ్యాలె? కాలువల, చెరువుల, మోరీల వెయ్యొద్దు. మొక్కను నమిలే ఆ యాపిల్ నత్త 1980 ప్రాంతంల తిండి కోసం పెంచనీకి ఆసియాకు తెచ్చిందే, ఇప్పుడు ఫిలిప్పీన్స్ వరి పొలాలల్ల నారు కొరికేస్తున్నది. సాగర్ ఎడమ కాలువ కింద, జూరాల కింద మనకున్నదీ వరే. మొక్కలను డాబా మీద రెండు రోజులు ఎండల పరిచి, పెళపెళ అయినంక కుండీ మట్టిల కలపండి. నత్తలను కవర్‌ల కట్టి ఒక రోజు ఫ్రీజర్‌ల పెట్టి, అదే మట్టిల పూడ్చండి. ట్యాంకు మార్చిన నీళ్లు కూడ పూల కుండీలకే పొయ్యండి.