సంకల్పం వెనక ఎవరున్నారు?

శ్రోతలందరికీ నమస్కారం.

జనవరి మూడో వారంలోకి వచ్చాం. భోగి మంటలు, పిండివంటలు, చుట్టాల రాకపోకలు అన్నీ అయిపోయాయి. ఒకటో తారీకున మొదలుపెట్టిన పొద్దుటి నడక అరిసెల దగ్గర ఆగిపోయిన ఇళ్లు చాలానే ఉంటాయి. కొత్త డైరీల్లో మొదటి నాలుగు పేజీలే నిండి ఉంటాయి. ఆరంభశూరత్వం అని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆ తిట్టు అంత న్యాయమైంది కాదని నాకనిపిస్తుంది.

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు ఉండే తెలుగువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. జనవరి ఒకటి పోతే ఉగాది వస్తుంది. ఉగాదీ పోతే, ఏప్రిల్ నెల నడిమికి ఒడియావాళ్ల పణా సంక్రాంతి ఉంది. ఏటా మూడు కొత్త సంవత్సరాలు మనవి. మంచిరోజు చూసుకుని మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. అమెరికాలో కేథరిన్ మిల్క్‌మన్, ఆమె తోటి పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో జిమ్‌కి వెళ్లేవాళ్లు పెరుగుతారట. మంచిరోజు మనల్ని గడప దాటిస్తుంది. ఆ తర్వాత నడవడానికి మాత్రం ఇంకేదో కావాలి. పైగా నడవాల్సింది తక్కువ దూరం కాదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, కొత్త అలవాటు కుదురుకోవడానికి కొందరికి 18 రోజులు పడితే, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. అటూ ఇటూ కాని నడిమి లెక్క 66 రోజులు. అంటే జనవరి ఒకటిన మొదలుపెట్టినవాళ్లు మార్చి మొదటి వారం దాకా పట్టు వదలకూడదు.

అన్నాళ్లు మనల్ని నడిపించేదేమిటి? నేననుకోవడం, ఆ కోరిక మన సొంతదై ఉండాలి. పక్కింటి కుర్రాడు భువనేశ్వర్‌లో కోచింగ్‌లో చేరాడని మనమూ చేరతాం. వాట్సాప్ గ్రూపులో అందరూ నడుస్తున్నారని నడుస్తాం. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. ఎరువు అంటే ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చుకున్నది. ఎరువు తెచ్చుకున్న కోరిక కూడా అంతే, నాలుగు రోజులకే బరువైపోతుంది.

దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ పిల్లలకి ముక్కలు పేర్చే పజిల్ ఇచ్చారు. పిల్లలు సరదాగా ఆడేవారు. తర్వాత కొందరికి, పజిల్ పూర్తిచేస్తే డబ్బులిస్తామన్నారు. ఆ డబ్బులు ఆపేశాక చూస్తే, ఖాళీ సమయంలో వాళ్లు పజిల్ జోలికి వెళ్లడం తగ్గింది. అంతకుముందు ఇష్టంగా ఆడినదే, కూలి పనిలా మారింది. బహుమతి కోసం చదివే చదువు, పొగడ్త కోసం చేసే వ్యాయామం ఎందుకు నిలవవో ఇందులో కొంత అర్థమవుతుంది.

ఇక్కడ మన పర్లాకిమిడి మాస్టారి మాట చెప్పకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో ఇదే నెల, జనవరి 22న కన్నుమూశారు. వాడుకభాష ఉద్యమం అందరికీ తెలుసు. దానికంటే ముందు, రాజావారి బడిలో పంతులుగా ఉంటూ ఆయన కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకి నేర్చుకునేందుకు పుస్తకం లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కో మాటా పట్టారు, కొండలెక్కి గూడేలు తిరిగారు. మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడీ వాడీ వినికిడి పోయింది. భాష నేర్చుకునే మనిషికి చెవులే కదా ముఖ్యం! అయినా మానలేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేసరికి వయసు డెబ్బైకి దగ్గర పడింది. ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వబోతే, నాకు డబ్బొద్దు, ఆ సొమ్ముతో సవర పిల్లలకి బడి పెట్టి వాళ్ల భాషలో పాఠాలు చెప్పించండి అన్నారని చెబుతారు. ఆయన సంకల్పం వెనక ఆ పిల్లలున్నారు.

మహానుభావుల సంగతి వేరు అనుకోకండి. పర్లాకిమిడిలో టిఫిన్ బండి నడిపే ఒకావిడ నాకు తెలుసు. పాతపట్నం అవతలి పల్లె నుంచి కోడలిగా వచ్చింది. ఒడియా గడగడా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. ఈ ఏడు నేర్చుకుంటానని ప్రతి జనవరికీ అనేది. బ్యాంకులో ఫారం నింపలేక నామోషీ పడినా అక్షరం ముట్టుకోలేదు. ఒకరోజు కూతురి స్కూల్ డైరీలో టీచరమ్మ ఏదో రాసింది. బండి దగ్గర ఇడ్లీ తింటున్న ఒకాయన్ని చదవమంది. పాప లెక్కలు బాగా చేస్తోంది, ఇంకొంచెం శ్రద్ధ పెట్టండి అని ఉంది. సంతోషించే మాటే. కానీ ఆవిడ చట్నీ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “నా పిల్ల గురించి రాసింది నాకంటే ముందు ఊళ్లోవాళ్లు చదవడమేటి?” అంది. ఆ సాయంత్రం నుంచి గ్రైండర్‌లో పప్పు తిరుగుతున్నంతసేపూ కూతురి పక్కన కూర్చుని, బండి వెనక చెక్క మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దింది. గ్రైండర్ ఆగగానే పాఠం ఆపేసేది. ఇప్పుడు డైరీ తనే చదివి, ఒడియాలోనే సంతకం చేస్తోంది.

మీ లక్ష్యాన్ని కూడా ఇలా కాస్త తవ్వి చూడండి. బరువు తగ్గాలి. ఎందుకు? మోకాళ్లు నొప్పి. నొప్పి తగ్గితే ఏం చేస్తారు? చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కాను, మళ్లీ ఎక్కాలనుంది. చూశారా, అడగ్గా అడగ్గా అసలు సంగతి బయటికొచ్చింది. డైరీలో రాసుకోవాల్సింది కిలోల లెక్క కాదు, ఆ కొండ పేరు. ఎంత తవ్వినా అలాంటి జవాబు దొరకలేదంటే, ఆ లక్ష్యాన్ని వదిలేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

చివరగా, మెట్రిక్ పరీక్షలకి చదివే పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక మనవి. గోడ మీద టైంటేబుల్ అంటించారు సరే, అది ఎవరి చేతిరాత? నాన్నగారిదైతే ఓసారి తీసేయండి. పిల్లవాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, పాసయ్యాక నీకేం చేయాలనుందిరా అని అడగండి. వాడు చెప్పేది మీరనుకున్నది కాకపోవచ్చు. ఐటీఐలో చేరి మోటార్లు బాగుచేస్తానంటాడేమో. మధ్యలో అడ్డు రాకుండా వినండి. టెన్షన్ పెట్టకుండా, కొత్త టైంటేబుల్ వాడి చేతే రాయించండి. పొద్దున్నే ఎన్నింటికి లేవాలో కూడా వాడినే వేసుకోనివ్వండి.

నమస్కారం.