రంగు దాగిన క్రియ: డిపిక్ట్

శ్రోతలందరికీ నమస్కారం. హన్మకొండలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల నోటుపుస్తకం ఏది తిరగేసినా ‘డిపిక్ట్’ అన్న ఇంగ్లిష్ క్రియ ఎక్కడో ఒకచోట తగులుతుంది. పక్కనే ‘వర్ణించు’ అని అర్థం రాసుకుని ఉంటారు. తప్పని అనలేం కానీ, అది సగం అర్థమే. ఈ మాట పుట్టింది కలంతో కాదు, కుంచెతో.

లాటిన్‌లో ‘పింగెరే’ అంటే రంగులతో బొమ్మ వేయడం. దాని ముందు ‘డే’ అనే ఉపసర్గ చేరి ‘డేపింగెరే’ అయింది. అందులోంచి పదిహేనో శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి ‘డిపిక్ట్’ వచ్చింది. మాటలతో కళ్లకు కట్టించడం అనే అర్థం ఆ తర్వాత అబ్బింది. పిక్చర్, పెయింట్, పిగ్మెంట్ కూడా ఈ ఇంటివే. ఇంకా వెనక్కి వెళితే చెక్కడం, అలంకరించడం అనే అర్థాలున్న సంస్కృత ధాతువు ‘పిశ్’ కూడా దీనికి చుట్టమేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మన కావ్యాల్లో సొగసైనది అనే అర్థంలో కనిపించే ‘పేశలం’ ఆ ధాతువులోంచి వచ్చిందే. ఎక్కడి లాటిన్, ఎక్కడి పేశలం!

ఈ క్రియకున్న రెండు అర్థాలూ ఒక్కచోట చూడాలంటే చేర్యాల పటం చూడాలి. 2016లో జిల్లాల విభజనతో చేర్యాల సిద్దిపేటకు పోయింది కానీ, అంతకుముందు అది మన వరంగల్ జిల్లాలోదే. అక్కడి నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి పట్టించి, ఆరబెట్టి, దానిమీద బొమ్మలు వేస్తారు. వెనకంతా చిక్కటి ఎరుపు. ఒక గడి కింద ఇంకో గడిగా కథ దిగుతూ వస్తుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, రజకులకు మడేలు పురాణం, ఇట్లా ఏ కులానికి ఆ కులపు కథ. ఆ చుట్టను ఊళ్లోకి తెచ్చి, ఒక్కో బొమ్మ విప్పుతూ, పాడుతూ కథ చెప్పేవాళ్లు వేరే ఉంటారు. కుంచెతో నకాషీ కళాకారుడు చేసిందీ డిపిక్ట్ చేయడమే, గొంతుతో కథకుడు చేసిందీ డిపిక్ట్ చేయడమే.

అయితే చెప్పిందల్లా డిపిక్ట్ కాదు. దొంగ పొడుగ్గా ఉన్నాడు, నీలం చొక్కా వేసుకున్నాడు అని ఠాణాలో చెబితే అది ‘డిస్క్రైబ్’. నాటకంలో రుద్రమదేవి వేషం కట్టిన నటి చేసే పనికి ‘పోర్ట్రే’ బాగా నప్పుతుంది.

‘రిప్రెజెంట్’ దగ్గరే పిల్లలు ఎక్కువగా తడబడతారు. 2014లో వచ్చిన తెలంగాణ రాజముద్ర గుర్తు తెచ్చుకోండి. అందులో చార్మినార్‌తో పాటు మన కాకతీయ కళాతోరణం బొమ్మ ఉంది. అంటే రాజముద్ర తోరణాన్ని డిపిక్ట్ చేస్తోంది. ఆ తోరణమేమో కాకతీయుల వైభవాన్ని రిప్రెజెంట్ చేస్తోంది. మొదటిది కంటికి కనిపించే రూపం, రెండోది మనం దానికి కట్టబెట్టిన ప్రతీక. మన ఎమ్మెల్యే అసెంబ్లీలో మనల్ని రిప్రెజెంట్ చేస్తారే గాని, డిపిక్ట్ చేయరు. రామప్ప గుడి స్తంభాల మీది శిల్పాలు నర్తకులను డిపిక్ట్ చేస్తాయి. రాయిలో చెక్కినా ఈ క్రియ చెల్లుతుంది, రంగే ఉండాలని లేదు.

దీనికి ‘యాజ్’ తోడైతే మాత్రం కాస్త జాగ్రత్తగా వినాలి. ఒకరిని ఫలానావాడిగా చూపించారు అన్నప్పుడు, ఆ చూపించినవాడి అభిప్రాయం కూడా అందులో దూరుతుంది. చాలా ఏళ్లు తెలుగు సినిమాలు మన తెలంగాణ యాసను రౌడీలకో, నవ్వించే పాత్రలకో అంటగట్టాయి. మంచి ఇంగ్లిష్‌లో ఆ ఫిర్యాదు చెప్పాలంటే ‘డిపిక్ట్ యాజ్’ కన్నా సరైన మాట దొరకదు. యాస మాట్లాడే మనిషి అలాంటివాడని కాదు, వాళ్లు అలా చూపించారని దాని అర్థం. నింద ఎవరి మీద పడాలో ఆ ఒక్క క్రియే తేల్చేస్తుంది.

ఇక వాడుకలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ‘గురించి’ అనే అలవాటుతో ‘డిపిక్ట్ అబౌట్’ అనేస్తారు. ఆ ‘అబౌట్’ అక్కర్లేదు. క్రియ తర్వాత నేరుగా కర్మ రావాలి: ‘ద పెయింటింగ్ డిపిక్ట్స్ ఎ వెడ్డింగ్’, అంతే. దాని వెనక ‘దట్’ పెట్టి వాక్యం తగిలించడం కూడా కుదరదు. పలికేటప్పుడు ఊనిక రెండో అక్షరం మీద, ‘పిక్ట్’ మీద పడాలి. భూతకాలంలో ‘డిపిక్టెడ్’ అని మూడు ముక్కలుగా పలకాలి.