డబ్బాలో పొడి కాదు, ఎండు కాయ

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ నాకిచ్చిన పది నిమిషాలూ ఒకే ఒక్క వంటకి ఇచ్చేస్తాను. టెక్సాస్‌లో చలి మొదలవగానే ఇళ్ళలో పెద్ద గిన్నెడు వండుకుని రెండు మూడు రోజులు తినే కూర అది, పేరు చిలీ. పూర్తి పేరు చిలీ కాన్ కార్నే, అంటే మాంసం వేసిన మిరపకాయ. చూశారా, పేరులో ముందు వచ్చింది మిరపకాయ, తర్వాతే మాంసం. ఈ వరస ఒక్కటి గుర్తు పెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా దీని గురించే.

అక్కడ కాయనీ చిలీ అంటారు, కూరనీ చిలీ అంటారు. మనమేమో నోరు మండే రుచినీ కారం అంటాం, డబ్బాలో పొడినీ కారం అంటాం. ఈ మాటల మధ్యే నేను మొదటిసారి పొరబడ్డాను. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో ఊరికి వెళ్ళిన మొదటి చలికాలం, పిల్లలు స్కూల్లో చిలీ తిని వచ్చి ఇంట్లో చెయ్యమని అడిగారు. ఒక కాగితం మీద రాసుకున్న వంట విధానంలో పావు కప్పు చిలీ పౌడర్ అని ఉంది. చిలీ పౌడర్ అంటే కారమే కదా అనుకుని, మా అమ్మ పట్టించి పంపిన గుంటూరు కారం పావు కప్పు కొలిచి పోశాను. పిల్లలు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చారు, మేమూ తినలేకపోయాం, చివరికి కిలో మాంసం పారబోయాల్సి వచ్చింది. అన్నం పారెయ్యకూడదని పెరిగినవాళ్ళం, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసింది, అమెరికాలో చిలీ పౌడర్ అని అమ్మేది ఒట్టి మిరప్పొడి కాదు. అందులో తక్కువ కారం ఉన్న మిరపకాయ పొడితో పాటు జీలకర్ర, ఒరెగానో అనే ఎండు ఆకు, వెల్లుల్లి పొడి, చాలాసార్లు ఉప్పు కూడా కలిపి ఉంటాయి. మన సాంబారు పొడి లాంటి కలగలుపు పొడి అనుకోండి. పైగా అందులో వాడే యాంచో అనే కాయకి ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో 1,000 నుంచి 2,000 వస్తే, మన గుంటూరు సన్నం రకానికి 35,000 దాకా వస్తుంది. అందుకని అమెరికాలో వింటున్న మనవాళ్ళకి ముందే చెబుతున్నాను, చిలీ పౌడర్ అని రాసిన చోట మన ఇంటి కారం పొయ్యకండి. దయచేసి పొయ్యకండి.

ఈ కూర ఎక్కడిదంటే శాన్ ఆంటోనియోదే అని చాలామంది చెప్పుకుంటారు. 1880ల నుంచి ఆ ఊరి కూడళ్ళలో సాయంత్రం కాగానే మెక్సికన్ ఆడవాళ్ళు దీపాలు వెలిగించుకుని, బల్లలు వేసుకుని, ఇంట్లో వండి తెచ్చిన చిలీని వేడిచేసి అమ్మేవాళ్ళు. వాళ్ళని చిలీ క్వీన్స్ అనేవాళ్ళు. 1893లో షికాగోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిలీ కొట్టు పెట్టాక మిగతా దేశానికీ ఈ రుచి తెలిసింది. ఆ దశాబ్దంలోనే దగ్గర్లోని న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో గెబ్‌హార్ట్ అనే జర్మన్ మనిషి, కాయలు ఏడాది పొడుగునా దొరకడం లేదని, ఎండు కాయల్ని మాంసం కొట్టే మరలో వేసి పొడి చేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1930లలో నగరం ఆరోగ్య నిబంధనలు పెట్టడంతో ఆ ఆడవాళ్ళ బల్లలు మూతపడ్డాయి, పొడి డబ్బాలు మాత్రం ఇంటింటికీ చేరాయి. పొడి మంచి సదుపాయమే, కాదనను. కానీ మన ఇంటి చిలీ బాగా రావాలంటే చెయ్యాల్సిన మొదటి పని ఆ డబ్బా పక్కన పెట్టి కాయ దగ్గరికి వెళ్ళడమే.

ఇది నాకు నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. నేను మాంసం పారబోసిన సంగతి విని, శనివారం పొద్దున్న రమ్మన్నారు. వాళ్ళింట్లో గొడ్డు మాంసంతో చేస్తారు, మా ఇంట్లో అది తినం, మొహమాటపడుతూ ఆ మాట చెబితే, దానికేముంది, మేక తీసుకురా, ఈ వైపు మేక మాంసం మాకూ అలవాటే అన్నారు. మేక భుజం మాంసం ఎముక లేకుండా కిలో కొట్టించుకుని వెళ్ళాను.

బల్ల మీద మూడు రకాల ఎండు మిరపకాయలు పరిచి ఉన్నాయి. యాంచో అయిదు, వెడల్పుగా, దాదాపు నల్లగా, ముడతలు పడి ఉన్నాయి. గ్వాహియో మూడు, పొడుగ్గా, నున్నగా, ఎర్రగా. చిలీ దె ఆర్బోల్ అనే సన్నటివి రెండు, అవి మాత్రం మన కాయల్లాంటివే, ఘాటు కోసం. ఆవిడ ఒక యాంచో తీసి నా చేతిలో పెట్టి వంచమన్నారు. వంగింది. విరిగితే అది పాతదైపోయినట్టు, ఎండు ద్రాక్షలా మెత్తగా వంగాలి అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది, మన దగ్గర కాయ గలగలలాడితేనే బాగా ఎండిందంటాం కదా. వాసన చూస్తే నిజంగానే ఎండు ద్రాక్ష వాసన, దాని వెనక కొంచెం కాఫీ వాసన.

తొడిమలు తీసి, కాయ చీల్చి, గింజలు దులిపేశారు. ఇనప పెనం కాల్చి, నూనె చుక్క లేకుండా కాయని వెడల్పుగా పరిచి, అట్లకాడతో ఒత్తి పట్టుకున్నారు. ఒక వైపు ఇరవై సెకన్లు, రెండో వైపు ఇరవై సెకన్లు, అంతే. ఇల్లంతా వాసన వచ్చింది, వాసన రాగానే తీసేశారు. గ్వాహియో ఒకటి అంచు మాడింది, ఇంకో మాట లేకుండా చెత్తబుట్టలో వేశారు. ఒక్క మాడిన కాయ గిన్నెడు కూరనీ చేదు చేస్తుంది అన్నారు. నేనైతే ఆ అంచు తుంచేసి వేసేదాన్ని. మీరు వెయ్యకండి.

తర్వాత కాయలు మునిగేలా వేడినీళ్ళు పోసి, పైకి తేలకుండా చిన్న పళ్ళెం బోర్లించి, అరగంట నానబెట్టారు. నానిన నీళ్ళు వేలితో నాకి చూడమన్నారు, చేదుగా ఉన్నాయి, పారబోశారు. చేదు లేకపోతే ఆ నీళ్ళే వాడుకోవచ్చట. కాయల్ని మంచినీళ్ళతో మెత్తగా రుబ్బి జల్లెడలో వడకడితే తొక్కలు పైన ఉండిపోయి, కింద చిక్కటి ముద్ద దిగింది. మన చింతపండు గుజ్జులా జారుతూ, ముదురు ఎరుపులో ఉంది. కాయ వేయించాలి, నానబెట్టాలి, రుబ్బాలి. మళ్ళీ చెబుతున్నాను, వేయించాలి, నానబెట్టాలి, రుబ్బాలి. ఈ కూరలో కష్టమంతా ఈ మూడింటిలోనే ఉంది, రుచి కూడా.

మాంసాన్ని ఉసిరికాయంత ముక్కలు కోసి, గుడ్డతో తడి అద్ది, ఉప్పు రాసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేడి నూనెలో వేశారు. ఒకేసారి కాదు, మూడు వాయిలుగా. అన్నీ ఒకేసారి కుక్కితే నీరు ఊరి ముక్క ఉడుకుతుంది గానీ ఎర్రగా వేగదు. మనం చాలాసార్లు తొందరలో చేసే పొరపాటే ఇది. వేగిన ముక్కలు తీసేసి, అదే నూనెలో ఒక పెద్ద ఉల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, వేయించి దంచిన జీలకర్ర రెండు చెంచాలు, ఒరెగానో ఒక చెంచా వేశారు. మిరపకాయ వాళ్ళ వైపు నుంచి పోర్చుగీసు ఓడల్లో మన దగ్గరికి వచ్చింది, జీలకర్ర స్పెయిన్‌వాళ్ళతో పాటు అటు వెళ్ళింది. ఆ దంచిన జీలకర్ర వాసనకి నాకు ఒక్క క్షణం మా అమ్మ వంటింట్లో నిలబడ్డట్టయింది.

అప్పుడు మిరప ముద్ద వేసి కలుపుతూ వేయించారు. చిటపటలాడుతూ రంగు ముదిరి, పది నిమిషాలకి అంచుల్లో ఎర్రగా నూనె తేలింది. ఎప్పటిదాకా వేయించాలో ఆవిడ మాటల్లో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా, నూనె తేలడమంటే ఏమిటో మనకి తెలియదా. మిరపకాయలో రంగూ ఘాటూ నీళ్ళలో కరగవు, నూనెలో కొవ్వులో కరుగుతాయి, అందుకే ముద్దని నీళ్ళలో కలిపేసి ఉడికించిన చిలీ ఎంతసేపు ఉడికినా వెలవెలబోతూ ఉంటుంది. మాంసం మళ్ళీ వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, సన్నటి మంట మీద రెండున్నర గంటలు వదిలేశారు. తెర్లకూడదు, అక్కడక్కడ ఒక బుడగ రావాలి, అంతే. భుజం మాంసంలో నారలా గట్టిగా ఉండేదంతా అంతసేపు ఉడికితేనే కరిగి, పులుసుకి జిగురు వస్తుంది. చివర్లో మొక్కజొన్న పిండి రెండు చెంచాలు చన్నీళ్ళలో కలిపి పోశారు. మామూలు పిండి కాదు, గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బి ఎండబెట్టింది, మాసా హరీనా అంటారు. ఆ పైన పిలోన్సీయో ముక్క ఒకటి వేశారు, కొండలా పోత పోసి అమ్ముతారు. నోట్లో వేసుకుని చూశాను, అచ్చంగా మన బెల్లమే.

ఇక వడ్డిస్తారని ఎదురుచూస్తున్నాను. ఆవిడ మూత పెట్టేసి, రేపు రా అన్నారు.

ఆ గిన్నె చల్లారేలోపు బీన్స్ సంగతి చెప్పేస్తాను. 1977లో టెక్సాస్ శాసనసభ చిలీని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించింది, అక్కడి పెద్ద పోటీల్లో బీన్స్ వేస్తే ఒప్పుకోరు. నాకు మాత్రం మాంసం తినని ఇంట్లో రాజ్మాతో చేసిన చిలీ కూడా మంచి కూరే అనిపిస్తుంది, దానికీ ఇదే మిరప ముద్ద, ఇలాగే నూనె తేలేదాకా వేయించి వేస్తే చాలు. కాకపోతే ఒక జాగ్రత్త, ఇది గట్టిగా చెబుతున్నాను. ఎండు రాజ్మాని నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం అరగంట తెర్ల కాగనివ్వాలి, లేదా కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. ఆ తర్వాతే కూరలో వెయ్యాలి. స్లో కుక్కర్లో పచ్చి గింజలు నేరుగా వేసి పడుకుంటే ఆ కాస్త వేడికి వాటిలోని విషపదార్థం పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. టమాటా కూడా గింజ ఉడికాకే వెయ్యండి, పులుపు తగిలితే గింజ బిరుసుగానే ఉండిపోతుంది.

మన ఊళ్ళలో వింటున్నవాళ్ళు యాంచో ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. దాని కోసం వెతుక్కోనక్కర్లేదు. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి మిరపకాయ తీసుకోండి, రంగు బాగా ఉంటుంది, ఘాటు తక్కువ. వరంగల్ వైపువాళ్ళకయితే చపాటా ఉండనే ఉంది, టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉండే కాయ, దానికీ కారం తక్కువే. కిలో మాంసానికి ఇవి పది పన్నెండు వేసి, ఘాటు కోసం గుంటూరు కాయలు రెండు వెయ్యండి, రెండే. యాంచోలో ఉండే ఆ ఎండు ద్రాక్ష రుచి మన కాయల్లో రాదు, అందుకని నేను కాయలతో పాటు ఎండు ద్రాక్ష ఓ పది నానబెట్టి కలిపి రుబ్బుతాను. ఒరెగానో దొరక్కపోతే మానెయ్యండి. మాసా లేకపోతే ఒక గోధుమ రొట్టె ముక్క తుంచి వెయ్యండి, చిక్కబడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. ఫ్రిజ్‌లోంచి గిన్నె తీస్తే పైన ఎర్రటి కొవ్వు అట్టులా పేరుకుని ఉంది. ఆవిడ చెంచాతో సగం తీసేసి, మిగతా సగం వదిలేశారు, రంగూ రుచీ అందులోనే ఉన్నాయిగా. సన్నటి మంట మీద వేడిచేసి, ఉప్పు చూసి, నిమ్మకాయ సగం పిండారు. ముందు రోజు ముద్దలో విడివిడిగా తెలిసిన చేదు, తీపి, జీలకర్ర ఏవీ ఇప్పుడు విడిగా తెలియడం లేదు. నోట్లో పెట్టుకోగానే తీయగా మొదలై, మింగాక గొంతులో నెమ్మదిగా వెచ్చబడింది. మా చిన్నవాడు మొదటి చెంచా భయంభయంగా తీసుకున్నాడు. తర్వాత మొక్కజొన్న రొట్టెతో గిన్నె అడుగంతా తుడుచుకుని తిన్నాడు.

మేం వచ్చేస్తుంటే ఆవిడ ఫ్రీజర్ తెరిచారు. నిన్న మిగిలిన మిరప ముద్దని ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించి పెట్టారట. ఎర్రటి ముక్కలు ఆరు కవర్లో వేసి నా చేతికిచ్చి, రెండు ముక్కలకి ఒక చిన్న గిన్నెడు కూర వస్తుంది, మూడు నెలలు ఉంటాయి అన్నారు.